‘ఇబ్బంది పెట్టని’ పేషెంట్: తుంటి ఎముక విరిగిన పెద్దావిడ సంరక్షణలో లెవీన్ సిద్ధాంతం

కేసు

79 ఏళ్ల మహిళ. దర్జీ పని చేసి పిల్లల్ని పెంచారు, ఇప్పుడు ఒంటరిగా ఉంటున్నారు. రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయారు. కుడి తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. మర్నాడే వెన్నుకు మత్తిచ్చి ఆపరేషన్ చేసి, ఎముకలో రాడ్డు వేశారు. బీపీ మాత్ర తప్ప రోజూ వాడే మందులేమీ లేవు. రెండు చెవులకూ వినికిడి తక్కువ, మిషన్ పెట్టుకుంటారు. మతిమరుపు లాంటివి అంతకుముందు లేవు. డబ్బు లెక్కలు, మందులు, బ్యాంకు పనులు అన్నీ తనే చూసుకుంటారని కూతురు చెప్పింది. (గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఈ కేసు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.)

ఆపరేషన్ తర్వాత రెండో రోజు పొద్దున నర్సుగా నేను డ్యూటీలోకి వచ్చేసరికి హ్యాండోవర్‌లో (రాత్రి షిఫ్ట్ అప్పగింతలో) ఆమె గురించి చెప్పింది ఇంతే: ‘‘స్టేబుల్. రాత్రంతా నిద్రపోయారు. ఏ ఇబ్బందీ పెట్టలేదు.’’ వైటల్స్ (పల్స్, బీపీ, ఊపిరి లాంటివి) అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఫిజియోథెరపీ నోట్‌లో ‘‘నిలబెట్టడానికి ప్రయత్నించాం, సహకరించలేదు’’ అని ఉంది.

ఇబ్బంది పెట్టలేదు, సహకరించలేదు. వార్డుల్లో పెద్దవాళ్ల గురించి రోజూ వినిపించే మాటలివి. మన పనికి పేషెంట్ ఎంత అడ్డొచ్చారో ఇవి చెబుతాయి. పేషెంట్‌కి ఏం జరుగుతోందో చెప్పవు. ఈ కేసు రాయాలనిపించింది అందుకే.

దగ్గరికెళ్లి పలకరిస్తే కళ్లు తెరవలేదు. భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పిలిస్తే తెరిచారు, ఏదో అనబోయి మళ్లీ మూసేశారు. వేళ్లు మాత్రం దుప్పటి అంచు పట్టుకుని లాగుతూనే ఉన్నాయి. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. భోజనం ట్రే మూత కూడా తీయలేదు. డెలీరియం, అంటే జబ్బు సమయంలో హఠాత్తుగా వచ్చే అయోమయ స్థితి, ఉందేమో చూసే 4ఏటీ పరీక్ష చేశాను. మగత ఉంది. తానెక్కడున్నారో, ఇది ఏ సంవత్సరమో చెప్పలేకపోయారు. నెలలు వెనక నుంచి చెప్పమంటే మూడో నెల దగ్గర ఆగిపోయారు. రెండు రోజుల కిందటి వరకూ ఇలా లేరని కూతురు చెప్పనే చెప్పింది. స్కోరు 12కి 11 వచ్చింది. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే డెలీరియం అని అనుమానించాలి.

అరుస్తూ, డ్రిప్ పీకేసుకునే డెలీరియం అందరి కళ్లా పడుతుంది. మగతగా, మాటా పలుకూ లేకుండా పడుకునే డెలీరియాన్ని అలసట అనో, దిగులు అనో, వయసు అనో అనుకుని వదిలేస్తాం. పెద్దవాళ్లలో ఈ రెండో రకమే ఎక్కువగా మన కన్నుగప్పి పోతుంది. డ్యూటీ డాక్టర్‌కి వెంటనే చెప్పాను. రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్ 11.4 నుంచి 8.9కి పడింది, సోడియం కూడా తక్కువగా, 131 ఉంది.

లెవీన్‌నే ఎందుకు ఎంచుకున్నాను

మైరా ఎస్ట్రిన్ లెవీన్ అమెరికన్ నర్సు, టీచరు. నర్సింగ్‌కి నాలుగు పరిరక్షణ సూత్రాలను ఆమె 1967లో ప్రతిపాదించారు. మొదటిది పేషెంట్ శక్తిని కాపాడటం. రెండోది శరీర నిర్మాణాన్ని, మూడోది వ్యక్తిత్వాన్ని, నాలుగోది మనుషులతో ఉన్న సంబంధాలను కాపాడటం. కాలేజీలో వీటిని నాలుగు గడుల పట్టికగా నేర్చుకుంటాం. పరీక్షకి అది చాలు. మంచం పక్కన నిలబడితే ఆ గడులు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. లెవీన్ ఉద్దేశమూ అదే, ఈ నాలుగింటినీ విడదీయలేమని ఆమె గట్టిగా చెప్పారు.

మరో నర్సింగ్ సిద్ధాంతకర్త ఓరెమ్ చెప్పిన స్వీయ సంరక్షణ సిద్ధాంతం కూడా వాడొచ్చు. పేషెంట్ తన పని తాను ఎంతవరకు చేసుకోగలరు, మిగతాది మనం ఎలా పూరించాలి అని అది అడుగుతుంది. డిశ్చార్జ్ ప్లాన్ రాసేటప్పుడు నేను దాన్నే వాడతాను. కానీ రెండో రోజు పొద్దున ఆమె ఉన్న స్థితికి ఆ ప్రశ్న సరిపోలేదు. ఏం చేసుకోగలరన్నది తర్వాత, ముందు ఆమె దగ్గర ఏం మిగిలి ఉంది, దాన్ని ఎవరు ఖర్చు చేస్తున్నారు అన్నది తేలాలి.

లెవీన్ చెప్పిన మరో విషయం వృద్ధుల వార్డులో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలియాలి. శరీరం ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిలో సర్దుకుంటుంది. వినపడకపోతే పెదాలు చూసి అర్థం చేసుకుంటాం, రక్తం తగ్గితే గుండె వేగం పెంచుకుంటుంది. ఇలాంటి ప్రత్యామ్నాయ దారులు తరిగిపోవడమే వృద్ధాప్యానికి కారణం కావచ్చని ఆమె భావించారు. పెద్దవాళ్ల శక్తి నెలాఖరు సంసారం లాంటిది. ఒకచోట అనుకోని ఖర్చు వస్తే ఇంకోచోట కోత పడాల్సిందే. ముప్పై ఏళ్ల మనిషి వార్డులో ఒక రాత్రి నిద్ర పాడైనా తట్టుకుంటాడు. ఈమె ఆ రాత్రికి తన ధ్యాసతో మూల్యం చెల్లించారు.

చార్టు తిరగేస్తే

‘‘రాత్రంతా నిద్రపోయారు’’ అన్న రాత్రి చార్టు చూశాను. 10కి ఇంజెక్షన్, 12కి వైటల్స్, 2కి డ్రిప్ బాటిల్ మార్చడం, 4కి మళ్లీ వైటల్స్, 5కి రక్తం శాంపిల్, 5:30కి ఒళ్లు తుడవడం. ఆ పెద్దావిడను వరుసగా రెండు గంటలకు మించి కదిలించకుండా ఉంచలేదు. ఎవరి పని వాళ్లు సరిగ్గా, టైముకి చేశారు. అన్నీ కలిసి ఆమె మీద పడ్డాయి. ఆసుపత్రిలో వృద్ధుల శక్తిని జబ్బు ఎంత హరిస్తుందో మన టైమ్‌టేబుల్ కూడా అంత హరిస్తుందని నేను నమ్ముతున్నాను.

పరిసరాలను లెవీన్ మూడు రకాలుగా చూస్తారు. కంటికి, చెవికి, చర్మానికి తెలిసేది ఒకటి. మనకి తెలియకుండానే ఒంటి మీద పనిచేసేది రెండోది. భాష, నమ్మకాలు, మర్యాద, విలువలు మూడోది. వీటిని పట్టుకుని వెతికితే, అప్పటిదాకా విడివిడిగా కనిపించినవన్నీ ఒక్కచోటికి చేరాయి.

మొదటిది, వినికిడి మిషన్. ఓటీకి పంపే ముందు తీసి ఉంగరంతో పాటు కవరులో పెట్టి కూతురికిచ్చారు. అది ఇంకా కూతురి హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. అంటే రెండు రోజులుగా ఈ మనిషి కొత్తచోట, చుట్టూ నోళ్లు కదలడమే తప్ప మాట వినపడని స్థితిలో ఉన్నారు. పారాసిటమాల్ ‘‘నొప్పి ఉంటే’’ అని రాసి ఉంది. నొప్పి ఉందా అని అడిగితే వినపడలేదు, వినపడనివాళ్లు తల ఊపుతారు, ఆ ఊపుని ‘లేదు’ అని రాసుకున్నారు. పక్కకి తిప్పినప్పుడు ముఖం, మూలుగు, ఊపిరి, ఒళ్లు బిగుసుకోవడం గమనించి నొప్పిని కొలిచే పెయినాడ్ స్కేల్ వేస్తే 10కి 6 వచ్చింది. అది చిత్తవైకల్యం (డిమెన్షియా) ఉన్నవాళ్ల కోసం తయారైన స్కేలే, కానీ మాట చెప్పలేని స్థితిలో ఉన్న ఎవరికైనా ఉపయోగపడుతుందని నా అనుభవం.

రెండో రకంలో, ఆపరేషన్ రాత్రి నిద్ర పట్టడం లేదని ఇచ్చిన పాత రకం యాంటీహిస్టమిన్ (అలర్జీ మందు). మగత తెచ్చే ఈ మందుల్ని వృద్ధులకు వాడొద్దని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ బీర్స్ జాబితా స్పష్టంగా చెబుతుంది. ఇక యూరిన్ పైపు, అవసరం తీరినా తీయలేదు. పైపు ఉన్న ప్రతి రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం పెరుగుతూ పోతుంది. పైగా మంచానికి తాడు కట్టినట్టే, లేచి నడవాలన్న ఆలోచనే రాదు.

కుడి మడమ ఎర్రగా ఉంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడలేదు, అంటే మొదటి దశ ఒత్తిడి పుండు. ఒత్తిడి పుండ్ల ముప్పును కొలిచే బ్రాడెన్ స్కోరు 13. 18 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ముప్పు ఉన్నట్టు లెక్క.

మూడో రకం విషయం ఆ రోజు నాకు కనపడలేదు. అది తర్వాత ఆమె నోటి నుంచే వచ్చింది.

చేసిన పనులు

లెవీన్ పద్ధతిలో నర్సు తన అంచనాను పరీక్షించదగ్గ ఊహగా రాసుకోవాలి. నేను రాసుకున్నది: ‘‘వినికిడి తిరిగిస్తే, నొప్పి అడగకుండానే తగ్గిస్తే, రాత్రి లేపకపోతే, ఆమె ధ్యాస తిరిగొస్తుంది. ధ్యాస వస్తేనే నడక వస్తుంది.’’ ఈ వరుసే ముఖ్యమని నా అభిప్రాయం. మామూలుగా ఎముక కేసుల్లో అందరి చూపూ వాకర్ మీదే ఉంటుంది. వీలైనంత త్వరగా నిలబెట్టాలన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు కూడా పది రోజులు మంచం మీదే ఉంటే కాళ్లలోనే దాదాపు కిలో కండ కోల్పోయారని 2007లో అచ్చయిన ఒక అధ్యయనం చూపించింది. కానీ మాట వినపడని, నొప్పి తగ్గని, నిద్ర లేని మనిషిని నిలబెట్టబోతే వచ్చేది ‘‘సహకరించలేదు’’ అన్న నోటే.

డాక్టర్ యాంటీహిస్టమిన్ ఆపేశారు. పారాసిటమాల్ రోజుకు మూడుసార్లు 1 గ్రాము చొప్పున తప్పనిసరిగా ఇవ్వాలని రాశారు. ఒంట్లో నీరు తగ్గినందుకు డ్రిప్ సరిచేశారు, సోడియం రోజూ చూశారు. యూరిన్ పైపు ఆ పూటే తీశాం. ఐదు గంటల్లో మూత్రం తనంతట తనే పోసుకున్నారు. మలబద్ధకానికి మందు మొదలైంది. రెండు పిక్కల కింద పొడవుగా దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చేశాం. మడమ కింద దిండు పెడితే ఒత్తిడి తగ్గదు, ఈ తేడా అటెండర్లందరికీ చూపించాల్సి వచ్చింది.

మిషన్‌కి కొత్త బ్యాటరీ వేసి పెట్టాక వెంటనే ఏమీ మారలేదు. గంట తర్వాత, నీళ్లు తాగిస్తూ మాట్లాడుతుంటే, ‘‘నువ్వెవరమ్మా?’’ అని అడిగారు. చెప్పాను. కాసేపటికి మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను. అడుగుతున్నారంటే చుట్టూ ఏముందో తెలుసుకోవాలని చూస్తున్నారన్నమాట.

నాలుగు సూత్రాలూ నిజంగా ఒకదాన్నొకటి ఢీకొన్నది రాత్రి విషయంలో. ఒత్తిడి పుండు ముప్పున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలన్నది అందరికీ కంఠతా వచ్చిన నియమం. అది చర్మాన్ని కాపాడుతుంది, నిద్రని చెడగొడుతుంది. చర్మమా నిద్రా అని తేల్చుకోలేం, రెండూ కావాలి. అమెరికా, కెనడా నర్సింగ్ హోమ్‌లలో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దట్టమైన ఫోమ్ పరుపు మీద 2, 3, 4 గంటలకోసారి తిప్పినవాళ్ల మధ్య పుండ్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది మా వార్డు లాంటి చోటు కాదు, కాబట్టి కళ్లు మూసుకుని దించేయలేదు. మంచి పరుపు తెప్పించి, పడుకునే ముందు, అర్ధరాత్రి దాటాక ఒకసారి, తెల్లవారుజామున తిప్పేలా పెట్టుకుని, ప్రతిసారీ చర్మం చూశాం. ఆ అర్ధరాత్రి పనిలోనే వైటల్స్, డ్రిప్ చూడటం కలిపేశాం. రక్తం శాంపిల్ ఏడింటికి మారింది. ఒళ్లు తుడవడం పగటికి మారింది. ఈ చివరిదానికే ఎక్కువ వాదన జరిగింది. పొద్దున షిఫ్ట్‌కి పని పెరుగుతుందన్నది న్యాయమైన అభ్యంతరమే, ఆ షిఫ్ట్‌లో ఒక పని తగ్గించి సర్దాం.

పగలు కర్టెన్ తీసి వెలుతురు వచ్చేలా చూశాం. గోడ గడియారం ఆమెకి కనిపించే వైపు పెట్టాం. పనులన్నీ గుంపుగా చేసి, మధ్యలో విశ్రాంతి వదిలాం. భోజనం ముందు అరగంట ఎవరూ ఏమీ చేయకూడదని రాశాం. అలసిపోయిన చెయ్యి ముద్ద ఎత్తలేదు, తిండి తగ్గితే గాయం మానదు, కండ నిలవదు.

ఇవి కొత్త విషయాలు కావు. షారన్ ఇనౌయే బృందం 1999లో 70 ఏళ్లు దాటిన 852 మందిపై చేసిన అధ్యయనంలో నిద్ర, నీళ్లు, చూపు, వినికిడి, కదలిక, కాలం-స్థలం గుర్తుచేయడం లాంటి పనులతోనే డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. కానీ ఒకసారి డెలీరియం వచ్చాక దాని తీవ్రతను ఆ పనులు పెద్దగా మార్చలేకపోయాయి. అంటే ఇవన్నీ ఆమె అడ్మిట్ అయిన గంట నుంచే మొదలవ్వాలి. మా దగ్గర రెండో రోజు మొదలయ్యాయి. కాబట్టి ఆమె కోలుకోవడంలో మందు ఆపడం వాటా ఎంత, మిషన్ వాటా ఎంత, నిద్ర వాటా ఎంత అని నేను విడదీసి చెప్పను.

గౌను

నాలుగో రోజుకి 4ఏటీ స్కోరు 3కి దిగింది. మాట స్పష్టంగా ఉంది. పడుకుని ఉన్నప్పుడు బీపీ 148/82, నిలబడ్డాక 122/74. ఇరవైకి మించి పడింది. ఆ రాత్రి బాత్రూమ్ దారిలో ఆమె పడిపోవడానికి ఇది ఒక కారణం అయ్యుండొచ్చు. డాక్టర్ బీపీ మాత్ర మోతాదు మార్చారు. మెల్లగా, కూర్చోబెట్టి, కాళ్లు ఆడించాక నిలబెడితే తల తిరగలేదు. నొప్పి కూడా అదుపులో ఉంది. ఫిజియో వాకర్ తెచ్చారు. ఆమె దాన్ని పట్టుకుని సగం లేచి, మళ్లీ కూర్చుండిపోయారు.

‘‘నేను నడవను.’’

ఇంకోసారి అడిగితే అదే మాట. ఫిజియో నా వైపు చూశారు. ఆయన్ని కాసేపు ఆగమని, కర్టెన్ వేసి, ఆమె బాగా వినపడే చెవి వైపు కూర్చుని అడిగాను: ‘‘ఏమైందమ్మా, నొప్పా?’’

‘‘నొప్పి కాదమ్మా. వెనకంతా తెరిచే ఉంది. ఇది తొడుక్కుని ఇంతమంది మగవాళ్ల మధ్య నడవమంటారేంటి?’’

ఆసుపత్రి గౌను. వెనక రెండు నాడాలు, కింద నాడా తెగిపోయి ఉంది. జీవితమంతా బట్టలు కుట్టిన మనిషి ఆమె. మొదటి ఫిజియో నోట్‌లో ‘‘సహకరించలేదు’’ వెనక కూడా ఇదే ఉందో లేక డెలీరియమే కారణమో ఇప్పుడు చెప్పలేను. ఆ రోజు మాత్రం అడ్డుపడింది కాలు కాదు, మానం. లెవీన్ చెప్పిన మూడో రకం పరిసరం నాకు దొరికింది అక్కడ. వ్యక్తిత్వాన్ని కాపాడటం అంటే ప్రేమగా మాట్లాడటమని, కేర్ ప్లాన్‌లో ‘మానసిక ధైర్యం చెప్పాలి’ అని రాసేస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ వ్యక్తిత్వం రెండు నాడాల మీద ఆధారపడి ఉంది. కూతురు ఇంటి నుంచి వదులుగా ఉండే సొంత బట్టలు తెచ్చింది. వచ్చేదాకా రెండో గౌను తిరగేసి, ముందు వైపు తెరుచుకునేలా పైన తొడిగాం. తలుపు దాకా నడిచి వచ్చారు. తిరిగొచ్చి కూర్చున్నాక తెగిన నాడా చేతిలోకి తీసుకుని చూసి, సూది దారం ఉందా అని అడిగారు.

ఇప్పుడు ఎవరైనా పెద్దవాళ్లు నడవనంటే నేను నొప్పి స్కోరుతో పాటు ఒంటి మీద ఏముందో కూడా చూస్తాను.

కూతురు

డాక్టర్ రౌండ్స్‌లో కూతురు, ‘‘అమ్మకి చెప్పినా అర్థం కాదు, నాతో చెప్పండి’’ అంటుండేది. రెండో రోజున అది నిజం. ఐదో రోజుకి కాదు, కానీ మాట తీరు మారలేదు. తల్లిని డిశ్చార్జ్ అయ్యాక శాశ్వతంగా తన ఊరు తీసుకెళ్లాలని, ఇల్లు ఖాళీ చేయించాలని నిర్ణయం కూడా అయిపోయింది. మంచం మీద ఉన్న మనిషికి తప్ప అందరికీ తెలుసు.

కూతుర్ని తప్పుపట్టడం తేలిక. ఆమె రాత్రులు కుర్చీలోనే ఉంటోంది, పగలు ఫోన్‌లో ఆఫీసు పని చేసుకుంటోంది, తిండి సరిగ్గా లేదు. సంబంధాల్ని కాపాడాలంటే ఆ అమ్మాయి శక్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముందు ఆమెని కూర్చోబెట్టి, డెలీరియం అంటే ఏమిటో, అది మతిమరుపు జబ్బు కాదని, రోజులో హెచ్చుతగ్గులు ఉంటాయని చెప్పాను. అప్పటిదాకా అమ్మకి పిచ్చి పట్టిందేమోనని లోలోపల భయపడుతోందట, చెప్పుకోలేదు. బంధువుల్లో ఒకరు రాత్రి ఉండటానికి ఒప్పుకున్నారు.

తర్వాత డాక్టర్‌తో మాట్లాడి, డిశ్చార్జ్ సంగతి పెద్దావిడ మంచం పక్కనే, ఆమె చెవి వైపు కూర్చుని, ఆమెతోనే చెప్పించాం. అంతా విన్నారు. ఆరు వారాలు కూతురి దగ్గర ఉంటానన్నారు, ఆ తర్వాత తన ఇంటికే వెళ్తానన్నారు, ఇంటి తాళం తన దగ్గరే ఉండాలన్నారు. కూతురికి ఇది పూర్తిగా నచ్చలేదు. ఒప్పుకుంది.

తర్వాత

ఆరో రోజుకి 4ఏటీ సున్నా. మడమ ఎరుపు పోయింది, చర్మం చిట్లలేదు. తొమ్మిదో రోజు వాకర్‌తో దాదాపు ఇరవై మీటర్లు నడిచి ఇంటికి వెళ్లారు. ఎముకల బలానికి మందు, విటమిన్ డి ఔట్‌పేషెంట్‌లో మొదలయ్యాయి.

సిద్ధాంతం ఎక్కడ సాయం చేయలేదో కూడా చెప్పాలి. శక్తిని కొలవడానికి లెవీన్ దగ్గర స్కేలు లేదు. నేను పల్స్, ఊపిరి, కుర్చీలో ఎంతసేపు తల వాల్చకుండా కూర్చున్నారన్నవి చూసుకున్నాను. మంచం పక్కన అవి చాలు గానీ ఇంకో నర్సుకి అప్పగించేటప్పుడు ఒకరి కొలత ఒకరికి కుదరదు. పైగా ఈ నమూనా ఎక్కువగా ఇప్పటి జబ్బు, ఇప్పటి పేషెంట్ మీద నిలబడుతుంది. ఇంటికెళ్లాక నెలల తరబడి సాగే సంరక్షణకి అది ఇచ్చే దారి పలచన. అక్కడ మళ్లీ ఓరెమ్ దగ్గరికే వెళ్లాను.

ఆరు వారాల విజిట్‌కి వాకర్‌తో వచ్చారు. గాయం మానింది, ఇంట్లో చేతికర్రతో తిరుగుతున్నారట. అన్నీ బాగున్నాయని కూతురు చెబుతుంటే, పెదవులు మళ్లీ ఎండిపోయి ఉండటం చూశాను. అడిగితే, సాయంత్రం నాలుగు తర్వాత నీళ్లు ముట్టుకోవడం లేదన్నారు. తాగితే రాత్రి లేవాల్సి వస్తుంది, లేస్తే పడతానని భయం. నీళ్లు పగటి పూటకి జరపమని చెప్పాం, రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ, బాత్రూమ్ దాకా లైటు పెట్టించమన్నాం. చీకట్లో లేచి నిలబడటం ఫిజియోతో కలిసి అభ్యాసం చేయించే ఏర్పాటు జరిగింది. తన ఇంటికి వెళ్లడం ఇంకో నెల వాయిదా వేయడానికి ఆమే ఒప్పుకున్నారు. తర్వాతి విజిట్‌లో నిలబెట్టి బీపీ, సోడియం మళ్లీ చూడాలని ఫైల్‌లో రాసి ఉంచాను.